ఇంటి దగ్గరే బండి టైరు మార్చుకోవడం: ఏ సామాను కావాలి, ఎక్కడ జాగ్రత్త పడాలి

యాసంగిలో నిజాంసాగర్ కాలువకు నీళ్లు విడతల వారీగా వదులుతారు. మన తూముకు నీళ్లు అందేది పగలే అని ఏమీ లేదు. రాత్రి 11 గంటలకు మడికి నీళ్లు కట్టుకుందామని బయలుదేరితే, బండి వెనుక చక్రం గాలి పోయి నేలకు అంటుకొని ఉంటుంది. ఆ వేళకు బాన్సువాడలో పంక్చర్ షాపు తెరిచి ఉండదు. తెల్లవారి తోసుకుంటూ టౌనుకు పోతే సగం పూట అక్కడే అయిపోతుంది. పైగా గాలి లేని చక్రాన్ని అంత దూరం తోస్తే టైరు లోపల జారి, ట్యూబు నాజిలు దగ్గర చినుగుతుంది. చిన్న అతుకుతో పోయే పని కొత్త ట్యూబు దాకా వస్తుంది.

స్ప్రే పంపుకు వాషర్లు, నాజిళ్లు ముందుగానే తెచ్చి ఇంట్లో పెట్టుకునే రైతులు కూడా బండి టైరు విప్పే సామాను పెట్టుకోరు. 45 కిలోల యూరియా బస్తా, పాల క్యాన్, విత్తనాల సంచి అన్నీ ఆ బండి మీదే వస్తాయి కదా. అది కూడా వ్యవసాయ పనిముట్టే. టైరు విప్పి ఎక్కించే సామానంతా కలిపినా బ్యాటరీ స్ప్రేయర్ ధర కన్నా తక్కువలోనే వస్తుంది.

మన దగ్గర నేను చూసినంతలో మేకుల కన్నా ముళ్లతోనే బండ్లు ఎక్కువగా ఆగుతున్నాయి. సర్కారు తుమ్మ, నల్ల తుమ్మ కంప కొట్టి చేను చుట్టూ కంచె వేస్తాం. ఆ కంపను ఈడ్చుకుపోయిన బాట మీదే మర్నాడు బండి నడుపుతాం. కంప వేసిన రోజే బాటను ఒకసారి ఊడ్చుకుంటే సగం బాధ తప్పుతుంది.

ముందు మీ టైరు ఏ రకమో చూడండి

టైరు పక్కగోడ మీద ట్యూబ్ టైప్ అనో, ట్యూబ్‌లెస్ అనో ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఉంటుంది. పుల్లల చక్రాలున్న స్ప్లెండర్, టీవీఎస్ ఎక్స్‌ఎల్ లాంటి బండ్లలో ట్యూబు ఉంటుంది. అల్లాయ్ చక్రం ఉంటే ట్యూబ్‌లెస్ అనే అనుకోకండి, అల్లాయ్ చక్రంలో ట్యూబు ఉన్న బండ్లు కూడా చాలా తిరుగుతున్నాయి.

ట్యూబ్‌లెస్ అయితే ముల్లు దిగినంత మాత్రాన టైరు విప్పే పనే లేదు. ముల్లు లాగి, ఆ రంధ్రంలో జిగురు వత్తి దూర్చే చిన్న కిట్టు దొరుకుతుంది, అది చాలు. నేలకు ఆనే భాగంలో రంధ్రానికే వత్తి పనికొస్తుంది, పక్కగోడ చీలితే పనికిరాదు. ట్యూబ్‌లెస్ టైరును పూర్తిగా మార్చడం మాత్రం ఇంట్లో పెట్టుకోవద్దు. టైరు అంచు రిమ్ముకు అతుక్కోవాలంటే ఒక్కసారిగా చాలా గాలి పోవాలి, చేతి పంపుతో ఆ పని దాదాపు కాదు. పెట్రోలు చల్లి నిప్పంటించి టైరు ఎక్కించే వీడియోలు ఫోన్లలో తిరుగుతున్నాయి. వాటి జోలికి అసలు పోవద్దు. ఇక్కడి నుంచి చెప్పేదంతా ట్యూబు టైర్ల గురించే.

ఏమేం పెట్టుకోవాలి

టైరు లివర్లు 3 కావాలి. రెండింటితో కూడా పని అవుతుంది కానీ, మూడోది ఉంటే పట్టుకునే మనిషి అక్కర్లేదు. పొడవు 10 నుంచి 12 అంగుళాలు చాలు. పొడవు పెరిగితే బలం ఎక్కువై టైరు అంచు తెగుతుంది. పాత కమాను పట్టీ ఇచ్చి కమ్మరితో కూడా చేయించుకోవచ్చు, కాకపోతే కొసలు గుండ్రంగా, వేలితో రాస్తే గరుకు తగలకుండా అరగదీయించాలి. స్క్రూ డ్రైవరుతో టైరు విప్పితే ట్యూబుకు పాత రంధ్రం పక్కనే కొత్త రంధ్రం పడుతుంది. లివర్ ఆనే చోట రిమ్ము గీసుకుపోకుండా డ్రిప్పు లేటరల్ పైపు జానెడు ముక్కను నిలువుగా చీరి రిమ్ము అంచుకు తొడగండి. షాపులో అమ్మే ప్లాస్టిక్ తొడుగు కన్నా ఇది ఏమీ తీసిపోదు.

పానాలు కొనేటప్పుడు సెట్టు ఉంది కదా అని తీసుకోవద్దు. ఇరుసు నట్టు కొలత ఒక్కో బండికి ఒక్కో తీరుగా ఉంటుంది. మీ బండి నట్టుకు పెట్టి చూసి రింగు పానా తీసుకోండి. ఇరుసు రెండో వైపు తిరగకుండా పట్టుకోవడానికి ఇంకోటి కావాలి. నాజిలు పిన్ను విప్పే చిన్న తాళం, గాలి పంపు, గాలి కొలిచే గేజి, అతుకులు, రబ్బరు సొల్యూషన్, ఇసుక కాగితం కూడా తెచ్చుకోండి. సొల్యూషన్ ట్యూబు ఒకసారి మూత తీస్తే కొన్నాళ్లకు లోపలే ఎండిపోతుంది, అవసరానికి ముందే నొక్కి చూసుకోవాలి. ఒక కొత్త ట్యూబు ఇంట్లో ఉంచండి. పాత స్ప్లెండర్లకు సాధారణంగా 2.75-18, ఎక్స్‌ఎల్‌కు 2.50-16 వస్తుంది. అయినా మీ టైరు మీద ఉన్న అంకెలే చదివి తెచ్చుకోండి.

కల్లం మీద సిమెంటు నేల ఉంటే అదే మంచి చోటు. పాత కారు టైరు ఒకటి తెచ్చి నేల మీద పడుకోబెట్టండి. విప్పిన చక్రాన్ని దాని మీద పెడితే డ్రమ్ము, పళ్ల చక్రం నేలకు తగలవు, చక్రం కదలదు. పక్కన గోనెసంచి పరిచి నట్లు, బుష్‌లు విప్పిన వరుసలోనే పెట్టుకోండి. విప్పే ముందు చక్రానికి రెండు వైపులా ఫోన్‌లో ఫొటో తీసుకుంటే బిగించేటప్పుడు ఏది ఎటు అనే గొడవ ఉండదు.

లివర్లు, పానాలు నలుగురైదుగురు కలిసి కొనుక్కోవచ్చు. గాలి పంపు మాత్రం ఎవరిది వాళ్లే పెట్టుకోండి. పొత్తులో కొన్న పంపు మనకు అవసరమైన రోజున పక్క ఊళ్లో ఉంటుంది.

టైరు అంచుకు రాయడానికి సబ్బు నీళ్లు కావాలి. డీజిల్, గ్రీజు, పాత ఇంజను ఆయిల్ రాయవద్దు. రబ్బరు ఉబ్బి పాడవుతుంది, టైరు రిమ్ము మీద జారుతుంది. సబ్బు నీళ్లను ఖాళీ అయిన పురుగు మందు డబ్బాలో కలపవద్దు. ఎంత కడిగినా మందు పోదు, ఈ పనిలో చేతులు ఎలాగూ గీసుకుపోయి ఉంటాయి.

టైరు ఊడదీయడంలో కిటుకు

ఎడ్ల బండి గీరకు ఇనుప పట్టా ఎక్కించడం పెద్దవాళ్లు చూసే ఉంటారు. పట్టాను పిడకల మంటలో ఎర్రగా కాల్చి, అది వేడికి పెద్దదైనప్పుడు గీరకు తొడిగి నీళ్లు పోస్తారు, చల్లారగానే పట్టుకుంటుంది. రబ్బరు టైరు అలా కాదు. దాని అంచులో ఉక్కు తీగ ఉంటుంది. పైకి రబ్బరులా కనిపించినా ఆ అంచు సాగదు. బలం పెట్టి సాగదీయాలని చూసేవాళ్లకే లివర్లు వంగుతాయి, ట్యూబులు చినుగుతాయి.

మరి ఎలా వస్తుంది? రిమ్ము మధ్యలో చుట్టూ ఒక పల్లం ఉంటుంది. ఒక వైపు టైరు అంచును ఆ పల్లంలోకి నొక్కి ఉంచితే, ఎదుటి వైపు అంత వదులు దొరుకుతుంది. పని మొత్తం దీని మీదే ఆధారపడి ఉంది. మోకాలితో ఒక వైపు నొక్కి పట్టి, ఎదుటి వైపు లివర్ వేస్తే పిల్లవాడి బలం చాలు.

ముందు నాజిలు పిన్ను తీసి గాలి పూర్తిగా పోనివ్వండి. నాజిలు నట్టు తీసేయండి. చాలా రోజుల టైరు రిమ్ముకు అతుక్కొని ఉంటుంది. దాన్ని రెండు వైపులా, చుట్టూ మడమతో తొక్కి విడదీయాలి. విడకపోతే ఐదడుగుల కర్ర ఒకటి తీసుకొని, నిలిపి ఉంచిన బరువు ట్రాలీ చట్రం కింద దాని కొస ఆనించండి. ట్రాలీ చక్రాలకు రాళ్లు పెట్టడం మరవద్దు. కర్ర కింద, ఆ కొసకు అడుగు దూరంలో చిన్న చెక్క ముక్కను టైరు మీద, రిమ్ముకు దగ్గరగా పెట్టి కర్ర రెండో కొస నొక్కాలి. చెక్క టైరు మీదే ఉండాలి, రిమ్ము మీద గానీ పుల్లల మీద గానీ ఆనకూడదు. ట్రాక్టరు చక్రం ఎక్కించి విడదీసేవాళ్లను చూశాను, అలా చేస్తే పుల్లలు వంగుతాయి.

నాజిలు ఉన్న చోటే లివర్లు మొదలుపెట్టండి. ఎదుటి అంచు పల్లంలో ఉందో లేదో ప్రతి లివరుకూ చూసుకోండి. ఒక్కసారికి రెండు మూడు అంగుళాలే తీయాలి. ఒక వైపు అంచు మొత్తం బయటికి వచ్చాక ట్యూబు లాగండి. పంక్చర్ ఒక్కటే అయితే రెండో అంచు విప్పక్కర్లేదు.

ముల్లు దొరికేదాకా ట్యూబు పెట్టవద్దు

ట్యూబుకు గాలి కొట్టి బకెట్ నీళ్లలో ముంచితే బుడగలు వచ్చే చోటు తెలుస్తుంది. అక్కడ సుద్దతో గుర్తు పెట్టి, ట్యూబును టైరు పక్కన అదే తీరుగా పెట్టి చూస్తే ముల్లు ఎక్కడుందో అంచనా దొరుకుతుంది. టైరు లోపల చేతితో కాకుండా గుడ్డతో తడమండి. తుమ్మ ముల్లు కొన విరిగి లోపలే ఉంటుంది, బయటికి కనిపించదు. అది తీయకుండా కొత్త ట్యూబు వేసినా పది అడుగుల్లో మళ్లీ గాలి పోతుంది.

రంధ్రం ట్యూబు లోపలి వైపు, అంటే రిమ్ము వైపు ఉంటే తప్పు ముల్లుది కాదు. రిమ్ము రబ్బరు పట్టీ పక్కకు జరిగి పుల్ల కొస గుచ్చుకొని ఉంటుంది. ఎరువు బస్తాలు మోసే బండ్లలో, బురదలో తిరిగే బండ్లలో పుల్లల కొసలు త్వరగా తుప్పు పడతాయి. తుప్పు గీకి, పట్టీ మార్చండి.

అతుకు వేసేటప్పుడు తొందర పనికిరాదు. ఇసుక కాగితంతో గరుకు చేసి, సొల్యూషన్ పలుచగా రాసి, తడి ఆరి జిగట మిగిలాక అతుకు నొక్కాలి. తడి మీద పెట్టిన అతుకు ఎండలో ఊడుతుంది. నాజిలు మొదట్లో చినిగితే అతుకు నిలవదు, ట్యూబు మార్చండి.

ఎక్కించడం, బిగించడం

కొత్త టైరు మీద బాణం గుర్తు ఉంటే చక్రం ముందుకు తిరిగే వైపుకు అది ఉండాలి. ట్యూబుకు దాని ఆకారం వచ్చేంత కొద్దిగా గాలి కొట్టి లోపల పెట్టండి. గాలి లేని ట్యూబు మడతపడి లివర్ కింద నలుగుతుంది. టైరు అంచును నాజిలుకు ఎదురుగా మొదలుపెట్టి నాజిలు దగ్గర ముగించాలి. చివరి జానెడు బిగుసుకుంటే బలం పెంచకండి, ఎదుటి అంచు పల్లంలోంచి జారి ఉంటుంది, మళ్లీ నొక్కండి. తరువాత నాజిలును ఒకసారి లోపలికి నెట్టి వదలాలి. అంచు కింద ట్యూబు ఇరుక్కుంటే అక్కడ తెలిసిపోతుంది. నాజిలు నట్టును వేలితో తిప్పినంత చాలు.

గాలి కొంచెం కొట్టి ఆపి చూడండి. టైరు అంచు పక్కన సన్నని గీత ఒకటి చుట్టూ ఉంటుంది. అది రిమ్ముకు అన్ని చోట్లా ఒకే దూరంలో ఉంటేనే టైరు సరిగా కూర్చున్నట్టు. లేకపోతే గాలి తీసి, సబ్బు నీళ్లు రాసి మళ్లీ కొట్టాలి. గాలి ఎంత ఉండాలో బండి పుస్తకంలోనో, బండి మీది స్టిక్కరు మీదో ఉంటుంది. ఒక్కరికి ఒక లెక్క, వెనుక బరువు ఉంటే ఇంకో లెక్క రాసి ఉంటుంది. బస్తాలు వేసే రైతు ఆ రెండో లెక్కే చూడాలి.

చక్రం బిగించడం దగ్గరే నాకు భయం. టైరు సరిగా ఎక్కకపోతే గాలి పోతుంది, అంతే. చక్రం సరిగా బిగించకపోతే ప్రాణం మీదికి వస్తుంది. ఒకసారి నేనే వెనుక చక్రం బిగించి, బ్రేకు రాడ్డు నట్టు తిప్పడం మరిచి కాలువ గట్టు దిగాను. పెడల్ తొక్కితే అడ్డమే లేకుండా కిందికి పోయింది. ముందు బ్రేకు ఉండబట్టి కంపలో పడి ఆగాను. అప్పటి నుంచి నాలుగు పేర్లు బయటికి అనుకుంటూ బిగిస్తాను: బ్రేకు పలకను పట్టి ఉంచే పట్టీ, బ్రేకు రాడ్డు, ఇరుసు నట్టు, చైను. పట్టీ బోల్టు ఊడితే బ్రేకు వేసినప్పుడు పలక తిరిగి చక్రం పట్టేసుకోవచ్చు. నట్టుకు పిన్ను ఉండే బండి అయితే పాత పిన్ను వాడకుండా కొత్తది పెట్టండి. చైను సర్దే గుర్తులు రెండు వైపులా ఒకే గీత మీద ఉండాలి, చైను మధ్యలో సుమారు అంగుళం ఊగాలి.

ముందు చక్రం తీయాలంటే బండిని డబుల్ స్టాండ్ మీద నిలిపి ఇంజను కింద చట్రానికి చెక్క దిమ్మ పెట్టండి, సైలెన్సర్ గొట్టానికి ఆనించకండి. ముందు డిస్క్ బ్రేకు ఉన్న బండికి చక్రం బయట ఉన్నంతసేపు బ్రేకు నొక్కకూడదు, ఇంట్లో పిల్లలను కూడా దూరంగా ఉంచండి.

కొత్త టైరు కొనేటప్పుడు పక్కగోడ మీద నాలుగంకెల తేదీ చూడండి. 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. దుకాణంలో ఏళ్ల తరబడి ఎండిన టైరు తక్కువకు ఇస్తామన్నా వద్దు. మొదటిసారి మార్చేటప్పుడు పంక్చర్ షాపులో పక్కన కూర్చొని ఒకసారి చూసి రండి, మనవాళ్లు అడిగితే దాచకుండా చూపిస్తారు. ఇంట్లో మొదటిసారి పగటిపూట, పని లేని రోజున విప్పి ఎక్కించి చూసుకోండి.

చక్రం బిగించాక వాకిట్లోనే నెమ్మదిగా నడిపి రెండు బ్రేకులూ పట్టి చూడండి. పొలం దాకా పోయి వచ్చాక ఇరుసు నట్టు మరోసారి బిగించి, గాలి మరోసారి కొలవండి.