రోగము మూత్రపిండములది, మందు కంఠగ్రంథులకు

మైపాడు, కృష్ణపట్నము ప్రాంతములనుండి రక్తశుద్ధికై, అనగా డయాలిసిసునకై, నెల్లూరు పోయివచ్చు రోగి ఇంటివారికి ఒక సందేహము కలుగుట సహజము: రోగము మూత్రపిండములది గదా, మెడలోని గ్రంథులకు మందేల?

మెడలో అవటుగ్రంథి వెనుక సాధారణముగా నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులుండును. ఒక్కొక్కటి బియ్యపుగింజ యంత. రక్తమున కాల్షియము తగ్గినచో ఇవి ఒక హార్మోనును విడుచును. అది ఎముకలనుండి కాల్షియమును రక్తములోనికి తెచ్చును. మూత్రపిండములు చెడినప్పుడు భాస్వరము రక్తమున నిలిచిపోవును, విటమిన్ డి క్రియాశీలము కాజాలదు, కాల్షియము తగ్గును. అందుచే గ్రంథులు విరామము లేక పనిచేసి క్రమముగా పెరుగును. ఎముకలు గుల్లబారును, రక్తనాళములు గట్టిపడును. అయినను చాలకాలము రోగికి బాధ తెలియకపోవచ్చును. అపాయమంతయు అందులోనే యున్నది.

చికిత్సలో మొదటి మెట్టు భాస్వరమును తగ్గించుట. రక్తమందలి భాస్వరమును కొలుచు ప్రసిద్ధ పద్ధతిని 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ప్రకటించినవాడు భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు. వారమునకు మూడుమారులు డయాలిసిస్ జరిగినను ఆహారముతో చేరు భాస్వరమంతయు పోదు. సెవెలమర్, కాల్షియం కార్బొనేట్ మాత్రలు దానిని ప్రేగులలోనే పట్టియుంచును. కావున వానిని చేపల పులుసు అన్నముతోపాటే మ్రింగవలెను. భోజనమైన రెండు గంటలకు మ్రింగిన ఫలము స్వల్పము. ఈ రోగులకు మాంసకృత్తులు అవసరము గనుక చేపను పూర్తిగా మానరాదు. ముల్లుతో నమలు ఎండుచేపలను, నల్లని శీతలపానీయములను మానుట మేలు.

రెండవది కాల్సిట్రియాల్ వంటి క్రియాశీల విటమిన్ డి. ఇది గ్రంథులను అణచును గాని కాల్షియమును, భాస్వరమును పెంచవచ్చును. మూడవది 2004లో అమెరికాలో అనుమతి పొందిన సినాకాల్సెట్. రక్తమున ఉన్న కాల్షియమే చాలునని గ్రంథులకు తోపించుట దీని పని. దీనిని ఆహారముతో మ్రింగవలెను. వికారము కలుగవచ్చును. పెదవులు, వ్రేళ్ళకొనలు తిమ్మిరెక్కినను, కండరములు పట్టినను కాల్షియము మితిమీరి తగ్గెనేమో యని వెంటనే వైద్యునకు తెలుపవలెను. మందులకు లొంగనిచో శస్త్రచికిత్స కలదు.

హార్మోనును ఆరోగ్యవంతుల స్థాయికి దించుట వైద్యుల ఉద్దేశము కాదు. అతిగా అణచినచో ఎముక జడమగును. కావున మాత్రను రోగి తానుగా పెంచరాదు, బాధ లేదు గదా యని తానుగా మానరాదు. ఈ వ్యాధికి రక్తపరీక్షయే సాక్షి, బాధ కాదు.