డక్స్‌బరీ కొండ మీది కెప్టెన్

బోస్టన్‌కు దక్షిణాన సుమారు 55 కిలోమీటర్ల దూరంలో, సముద్రతీరాన ఉన్న చిన్న ఊరు డక్స్‌బరీ. ఇక్కడి కెప్టెన్స్ హిల్ మీద 116 అడుగుల రాతి గోపురం, దాని కొసన ఒక సైనికుడి విగ్రహం ఉన్నాయి. 1872లో శంకుస్థాపన చేస్తే పూర్తయ్యేసరికి 1898 వచ్చింది. 1922లో పిడుగు పడి విగ్రహం దెబ్బతింటే, తర్వాత కొత్తది నిలబెట్టారు. లోపలి 125 మెట్లు ఎక్కితే ప్లిమత్ తీరం కనిపిస్తుంది.

ఆ సైనికుడు మైల్స్ స్టాండిష్. 1620లో మేఫ్లవర్ ఓడలో వచ్చిన ఇంగ్లిష్ వలసదారుల సేనాని. పొట్టివాడు, ముక్కోపి. తొలి చలికాలంలోనే భార్య రోజ్ చనిపోయింది. ఆయన పేరు ఇంటింటికీ చేరింది మాత్రం 1858లో అమెరికన్ కవి లాంగ్‌ఫెలో రాసిన కథాకావ్యంతో. అందులో స్టాండిష్, తనను పెళ్లాడుతుందేమో ప్రిసిల్లా అనే యువతిని అడిగి రమ్మని మిత్రుడు జాన్ ఆల్డెన్‌ను రాయబారం పంపుతాడు. ఆమె మనసు రాయబారి మీదే ఉంటుంది. ప్రిసిల్లా, ఆల్డెన్ నిజంగానే భార్యాభర్తలు. లాంగ్‌ఫెలో వాళ్ల వంశంవాడే!

ఆ ప్రేమకథ చాటున ఒక నెత్తుటి ఘటన మరుగున పడింది. 1623లో వెస్సాగుసెట్‌లో, అంటే నేటి వేమౌత్‌లో, స్టాండిష్, ఆయన మనుషులు కలిసి స్థానిక యోధులు పెక్సూట్, విటువామట్‌లను ఒక గదిలో తలుపు బిగించి చంపారు. పెక్సూట్ మెడలో వేలాడుతున్న కత్తినే లాక్కుని స్టాండిష్ అతన్ని పొడిచాడు. విటువామట్ తలను వలసదారుల ప్లిమత్ కోట మీద అందరికీ కనిపించేలా పెట్టారు. కావ్యంలోనూ ఈ ఘట్టం ఉంది, కానీ పాఠకులు గుర్తుపెట్టుకున్నది పెళ్లి ముచ్చటే. ఈ హత్యల వార్త విని హాలండ్‌లో ఉన్న వలసదారుల మతగురువు జాన్ రాబిన్సన్ కలత చెందాడు. మనిషి ప్రాణం పట్ల ఈ కెప్టెన్‌కు కనికరం కొరవడిందేమోనని ఉత్తరం రాశాడు. సొంత గురువే అంత మాట రాశాక, కాలం అలాంటిదని సర్దిచెప్పడం నాకు సమ్మతం కాదు.

అదే మనిషి 1656లో కన్నుమూసేముందు, తనకంటే ముందే పోయిన కూతురు లోరా, కోడలు మేరీల పక్కనే తనను పాతిపెట్టమని వీలునామా రాశాడు. డక్స్‌బరీ శ్మశానంలో ఆయన సమాధికి నాలుగు మూలలా ఫిరంగులున్నాయి. లోరా చేత్తో కుట్టిన ఎంబ్రాయిడరీ గుడ్డ ప్లిమత్‌లోని పిల్‌గ్రిమ్ హాల్ మ్యూజియంలో భద్రంగా ఉంది.

బోస్టన్‌లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తెలుగువాళ్లు ఒక పూట ఇటు రండి. గోపురం ఎక్కి మనవలకు ప్రిసిల్లా కథ చెప్పండి, పెక్సూట్, విటువామట్‌ల పేర్లు కూడా తప్పకుండా చెప్పండి.