దూరం రెట్టింపైతే ఎన్ని డీబీ?

ఫార్ములా గడగడా చెప్పేశాను. ‘సరే, దూరం రెట్టింపైతే సిగ్నల్ ఎంత తగ్గుతుంది?’ అన్నారు. నోరు పెగల్లేదు. వైర్‌లెస్ ఉద్యోగానికి నా తొలి ఇంటర్వ్యూ అక్కడితో సరి!

మీకలా కాకూడదంటే ఈ లెక్క నోటికి రావాలి. అడ్డంకుల్లేని చోట నష్టం, డెసిబెల్స్‌లో: 32.44 + 20 లాగ్ దూరం (కి.మీ.) + 20 లాగ్ ఫ్రీక్వెన్సీ (మెగాహెర్ట్జ్). బెల్ ల్యాబ్స్ ఇంజినీర్ హెరాల్డ్ ఫ్రిస్ 1946లో ప్రచురించిన సమీకరణమే దీనికి మూలం. 2400 మెగాహెర్ట్జ్ వైఫై, 1 కి.మీ. దూరం వేసి చూడండి. దాదాపు 100 డీబీ వస్తుంది. దూరం రెట్టింపైతే అందే పవర్ నాలుగో వంతుకు పడిపోతుంది, అంటే మరో 6 డీబీ పోయినట్టు. పది రెట్లయితే 20. క్యాలిక్యులేటర్ అక్కర్లేదు.

ఇప్పుడు ట్రాన్స్‌మిటర్ 20 డీబీఎం, యాంటెన్నాలు చెరో 2 డీబీఐ అనుకుందాం. 24లోంచి 100 తీసేస్తే రిసీవర్‌కు అందేది మైనస్ 76 డీబీఎం. రిసీవర్ మైనస్ 90 దాకా పట్టగలిగితే చేతిలో 14 డీబీ మిగులు. ఈ మొత్తం లెక్కనే లింక్ బడ్జెట్ అంటారు. హాస్టల్లో నెలాఖరు లెక్కలాంటిదే!

ఇక్కడితో ఆగితే మాత్రం దొరికిపోతారు. ఫ్రీ స్పేస్‌లో పాత్‌లాస్ ఎక్స్‌పోనెంట్ 2. భవనాల మధ్య 3 దాటడం మామూలే. 4 అనుకుంటే, దూరం రెట్టింపైతే పోయేది 6 కాదు, 12 డీబీ. అందుకే ప్రశ్న వినగానే ‘ఫ్రీ స్పేసా, సిటీనా సార్?’ అని ముందు మీరే అడగండి.

ఈ సాయంత్రం ఫోన్‌లో వైఫై ఎనలైజర్ యాప్ తెరవండి. రూటర్‌కు 2 మీటర్లలో ఒకసారి, 4 మీటర్లలో ఒకసారి, గోడ అవతల మరోసారి రీడింగ్ రాసుకోండి. 6 రాకపోతే, ఎందుకు రాలేదో చెప్పగలరా?