వుడ్‌ల్యాండ్స్ డ్రైవ్ ఇన్

వుడ్‌ల్యాండ్స్ డ్రైవ్ ఇన్ చెన్నై నగరంలో కెథెడ్రల్ రోడ్డుపై 1962 నుండి 2008 వరకు నడచిన శాకాహార హోటలు. కారు దిగకుండానే ఫలహారం చేసే సదుపాయం వలన దీనికి ఈ పేరు వచ్చినది. అయితే కారు లేనివారికి కూడా ఇది అంతే ప్రీతిపాత్రమైన స్థలం. ఒక కాఫీ తెప్పించుకొని చెట్ల నీడన చాలాసేపు కూర్చొనే వీలు ఇక్కడ ఉండేది.

చరిత్ర

దీని స్థాపకుడు కె.కృష్ణారావు. ఉడుపి ప్రాంతం నుండి మద్రాసుకు వచ్చి, వంటశాలలో చిన్న పనులతో జీవితం ప్రారంభించి హోటళ్ళ యజమాని అయ్యాడు. 1938లో రాయపేటలో రామనాథపురం జమీందారుకు చెందిన ఒక బంగళాను అద్దెకు తీసుకొని హోటలు తెరిచాడు. వుడ్‌ల్యాండ్స్ అనేది ఆ బంగళా పేరే. తరువాత ఆయన హోటళ్ళన్నిటికీ అదే పేరు స్థిరపడినది.

కారులోనే భోజనం వడ్డించే పద్ధతి 1921లో అమెరికాలోని డల్లాస్ నగరంలో మొదలైనది. కృష్ణారావు దీనిని ఇడ్లీ, దోసెలకు అన్వయించి, 1962లో అగ్రి-హార్టికల్చరల్ సొసైటీ అధీనంలోని తోటలో ఈ హోటలును ప్రారంభించాడు.

నిర్వహణ

కార్లు చెట్ల క్రింద నిలిపేవారు. సర్వరు వచ్చి ఏమి కావాలో అడిగి, కారు తలుపుకు తగిలించే పళ్ళెంలో ఫలహారాలు తెచ్చేవాడు. కాలినడకన వచ్చినవారికి లోపల బల్లలు, కుర్చీలు ఉండేవి. ఇడ్లీ, వడ, దోసె, చోలే భటూరా, ఫిల్టరు కాఫీ ఇక్కడి ముఖ్య పదార్థాలు.

పాత్రికేయులు, విద్యార్థులు, మందుల కంపెనీల ప్రతినిధులు, సినిమా వారు ఇక్కడ నిత్యం కలుసుకొనేవారు. సొంత కార్యాలయం లేనివారికి ఇదే కార్యాలయంగా ఉపయోగపడేది. "బాలనాగమ్మ" (1942) చిత్రాన్ని నిర్మించిన జెమినీ స్టూడియో ఉండిన కూడలి ఇక్కడికి సమీపంలోనే ఉన్నది. తెలుగు చిత్రపరిశ్రమ హైదరాబాదుకు తరలక ముందు మద్రాసే దానికి కేంద్రం. అందువలన ఈ పరిసరాలు ఆ తరం తెలుగువారికి బాగా పరిచితమైనవి.

మూసివేత

హోటలు పేరు ప్రతిష్ఠలు ఎంతటివైనా, అది నిలిచిన నేల యజమానులది కాదు. ఆ భూమిపై హక్కు విషయమై ప్రభుత్వానికి, సొసైటీకి మధ్య దీర్ఘకాలం వివాదం నడచినది. చివరకు భూమి ప్రభుత్వపరం కావడంతో 2008లో హోటలు మూతపడినది. వ్యాపారం సాగక మూతపడిన హోటలు కాదు గనుక, దీని ముగింపు అలవాటుపడిన వారికి మరింత బాధ కలిగించినది.

ప్రస్తుత స్థితి

ఆ స్థలంలో తమిళనాడు ప్రభుత్వం సుమారు 20 ఎకరాలలో "సెమ్మొళి పూంగా" అనే ఉద్యానవనాన్ని నిర్మించినది. ఈ పేరుకు ప్రాచీన భాషా ఉద్యానవనం అని అర్థం. దీనిని 2010 నవంబరులో అప్పటి ముఖ్యమంత్రి ఎం.కరుణానిధి ప్రారంభించాడు. పాత తోటలోని పెద్ద వృక్షాలు కొన్ని ఇందులో నిలిచి ఉన్నాయి. చెట్ల నీడ మిగిలినది గాని, ఆ నీడన కాఫీ త్రాగుతూ తెలిసినవారి కొరకు ఎదురుచూసే అలవాటు హోటలుతోనే ముగిసినది.