మెడలోని గ్రంథి, మనసులోని దిగులు

విజయవాడ నుండి హైదరాబాదునకు పోవు జాతీయ రహదారిపై, కంచికచర్ల మండలములోని పరిటాల గ్రామమును ఎరుగనివారు అరుదు. ఒకప్పుడు వజ్రపు గనులకు పేరుగాంచిన ఊరు. నేడు దూరమునుండియే కనబడు 135 అడుగుల ఆంజనేయ విగ్రహమునకు పేరుగాంచిన ఊరు. పూర్వపు కృష్ణా జిల్లాలోని ఈ మెట్ట ప్రాంతము 2022వ సంవత్సరము నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో భాగమైనది. నందిగామ, జగ్గయ్యపేటల చుట్టుపట్ల పత్తి, మిరప చేలలో పనిచేయు స్త్రీలు తెల్లవారకముందే లేచి, వంట ముగించి, క్యారేజీ కట్టుకొని కూలికి పోవుదురు. అట్టి ఇంటి యిల్లాలు కొన్ని మాసములుగా వేళకు లేవలేకున్నదనుకొందము. అన్నము తగ్గించినను ఒళ్లు బరువెక్కుచున్నది. అందరికీ ఉక్కపోయునప్పుడు ఆమెకు చలి వేయుచున్నది. పలుకరించినచో కన్నీరు వచ్చుచున్నది. ఇంటివారు బద్ధకమందురు. ఇరుగుపొరుగువారు గాలి సోకినదందురు. కొంతకాలమునకు ఆ మాటలను ఆమెయు నమ్మి, తప్పంతయు తనదేనని లోలోన కుమిలిపోవును.

ఇట్టి వారిలో కొందరికి వచ్చినది బద్ధకము కాదు, గాలి కాదు; థైరాయిడు గ్రంథి మందగించుట. ఒక్క రక్తపరీక్షతో తెలిసికొనదగినది. దినమునకు ఒక చిన్న మాత్రతో అదుపులో నుంచదగినది. అయినను తెలియక సంవత్సరములు గడుపువారున్నారు. హైదరాబాదుతో సహా దేశములోని 8 నగరములలో పెద్దవారిని పరీక్షించి 2013లో ప్రకటించిన ఒక పరిశీలనలో, నూటికి సుమారు 11 మందికి ఈ లోపము కనబడినది. వారిలో పలువురికి ఆ పరీక్ష జరుగువరకు తమకు వ్యాధి యున్నట్లే తెలియదు. పురుషులకంటె స్త్రీలలో ఇది అనేక రెట్లు ఎక్కువ. కావున గ్రామ పంచాయతీ సభ్యులు దీనిని గూర్చి తెలిసికొనుట అవసరము.

గ్రంథి చేయు పని

థైరాయిడు గ్రంథి మెడ ముందుభాగమున, కంఠనాళమునకు ఇరువైపుల రెక్కలు విప్పిన సీతాకోకచిలుకవలె ఉండును. పాఠ్యపుస్తకములలో దీనినే అవటు గ్రంథి యందురు. ఇది మన ఆహారములోని అయోడిన్‌ను తీసికొని థైరాక్సిన్ అను హార్మోనును తయారుచేసి రక్తములోనికి పంపును. శరీరమందలి ప్రతి అవయవము ఎంత వేగముగా పనిచేయవలెనో నిర్ణయించునది ఈ హార్మోనే. గుండె కొట్టుకొనుట, ఒంటి వేడి, జీర్ణశక్తి, నెలసరి, జ్ఞాపకశక్తి, మనసులోని ఉత్సాహము — అన్నియు దీనిపై ఆధారపడియున్నవి.

ఈ గ్రంథికి మెదడు క్రిందనున్న పిట్యూటరీ గ్రంథి కావలిదారు. దీనిని మన ఊరి మంచినీటి ట్యాంకుతో పోల్చవచ్చును. ట్యాంకులో నీరు తగ్గినపుడు ఆపరేటరు మోటారును ఎక్కువసేపు నడిపించును. అట్లే రక్తములో థైరాక్సిన్ తగ్గినపుడు పిట్యూటరీ గ్రంథి టి.ఎస్.హెచ్. అను మరియొక హార్మోనును ఎక్కువగా పంపి, థైరాయిడును పనిచేయుమని తొందరపెట్టును. అందువలననే రక్తపరీక్షలో టి.ఎస్.హెచ్. అంకె పెరిగినచో థైరాయిడు మందగించినదని వైద్యులు గ్రహింతురు. అంకె పెరిగినది కనుక థైరాయిడు ఎక్కువైనదని పలువురు పొరబడుచుందురు. సత్యము దానికి విరుద్ధము.

అయోడిన్ చాలినంత దొరకు ప్రాంతములలో ఈ వ్యాధికి ముఖ్య కారణము, శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే పొరబడి ఈ గ్రంథిని దెబ్బతీయుట. దీనిని జపాను వైద్యుడు హషిమోటో 1912లో వర్ణించెను. నేటికిని ఆయన పేరనే పిలుచుచున్నారు. కాన్పు తరువాత కొందరికి, థైరాయిడు శస్త్రచికిత్స జరిగినవారికి, కొన్ని మందులు వాడువారికి కూడ ఇది రావచ్చును. ఇది అంటువ్యాధి కాదు. రోగి చేసిన తప్పువలన వచ్చునది అంతకంటె కాదు.

మనసుపై దాని ప్రభావము

శరీర లక్షణములు పలువురికి తెలిసినవే: అలసట, బరువు పెరుగుట, చలికి తాళలేకపోవుట, మలబద్ధకము, చర్మము పొడిబారుట, జుట్టు రాలుట, గొంతు బొంగురుపోవుట, ముఖము ఉబ్బుట, నెలసరి ఎక్కువగుట, సంతానము కలుగుటలో ఆలస్యము. ఇవి నెమ్మదిగా, ఒకదాని వెనుక ఒకటి వచ్చుటచే, వయసు మీద పడుటవలన కలిగిన మార్పులని సరిపెట్టుకొనుట సాధారణము.

మనసుకు కలుగు బాధను మాత్రము గుర్తించువారు తక్కువ. ఆలోచన మందగించును. చెప్పిన మాట, ఉంచిన వస్తువు గుర్తుండదు. లెక్కలో దిట్టయైన మనిషి చిల్లర లెక్కించుటకు తడబడును. దేనియందును ఆసక్తి యుండదు. కారణము లేని దిగులు, కొందరిలో ఆందోళన, నిద్రపట్టని రాత్రులు కలుగును. లండను వైద్యుడు రిచర్డ్ ఆషర్, థైరాయిడు లోపము ముదిరి మతిచలించిన 14 మంది రోగులను గూర్చి 1949లో వ్రాసి, అట్టివారిని కేవలము పిచ్చివారుగా ఎంచి విడిచిపెట్టరాదని హెచ్చరించెను. థైరాయిడు చికిత్సతో వారిలో చాలమంది కోలుకొనిరి. అంత తీవ్రదశ నేడు అరుదు. కాని ఆ హెచ్చరిక నేటికిని వర్తించును. దిగులుతో ఉన్న మనిషిని భూతవైద్యుని యొద్దకు తీసికొనిపోవుటకు ముందు, ఒక రక్తపరీక్ష చేయించుట వివేకము.

అయితే దిగులంతయు థైరాయిడువలననే వచ్చుననుకొనరాదు. అప్పులు, పంటనష్టము, ఇంటి కలహములు, కాన్పు తరువాతి మార్పులు కూడ మనసును క్రుంగదీయును. రెండు కారణములును ఒకే మనిషిలో ఉండవచ్చును. థైరాయిడు పరీక్షలో అంకె సరియైన తరువాత కూడ దిగులు తగ్గనిచో, దానికి ప్రత్యేక చికిత్స చేయించవలెను. ఇది సిగ్గుపడవలసిన విషయము కాదు. ప్రభుత్వ వైద్య సేవలలో మానసిక వైద్యము పొందుట 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రతి పౌరునికి ఇచ్చిన హక్కు.

చికిత్స: పాటించవలసిన నియమములు

ఈ వ్యాధికి మందులేని కాలము ఒకటుండెను. 1891లో ఇంగ్లండు వైద్యుడు జార్జి ముర్రే గొఱ్ఱె థైరాయిడు గ్రంథి నుండి తీసిన సారమును ఒక స్త్రీకి ఇచ్చి చికిత్స చేసెను. 46 ఏండ్ల వయసున వ్యాధితో క్రుంగియున్న ఆమె, ఆ చికిత్సతో 74 ఏండ్ల వరకు జీవించెను. నేడు గొఱ్ఱె గ్రంథితో పనిలేదు. థైరాక్సిన్‌ను ప్రయోగశాలలో తయారుచేసి మాత్రగా ఇచ్చుచున్నారు. అది జాతీయ అత్యావశ్యక ఔషధముల జాబితాలో ఉన్నది. వెల కూడ స్వల్పమే. శరీరము తయారుచేయలేని పదార్థమునే బయటినుండి అందించుట తప్ప ఇందు వేరొకటి లేదు. కావున ఇది మత్తుమందువలె అలవాటగునను భయము నిరాధారము.

మాత్రను ఉదయము పరగడుపున మంచినీటితో వేసికొనవలెను. తరువాత అరగంట నుండి గంటవరకు టీ, కాఫీ, ఆహారము ముట్టరాదు. చీకటితో చేలకు పోవువారు రాత్రియే మాత్రను మంచినీటి చెంబు ప్రక్కన పెట్టుకొన్నచో మరపు కలుగదు. ఇనుము, కాల్షియము మాత్రలకును దీనికిని 4 గంటల ఎడమ ఉండవలెను. గర్భిణీస్త్రీలకు ఈ రెండును ఇచ్చుచుందురు కావున, ఈ ఎడమును ఆరోగ్య కార్యకర్త గుర్తుచేయుట మంచిది. గర్భిణికి మాత్ర మోతాదు పెంచవలసి యుండును. గర్భము నిలిచినదని తెలియగానే వైద్యునికి చూపించుకొనవలెను, మాత్ర మానరాదు. తల్లి థైరాక్సిన్ బిడ్డ మెదడు పెరుగుదలకు అవసరము.

క్రొత్తగా వ్యాధి తెలిసినవారు ఒక విషయము గ్రహించవలెను. మాత్ర వేసికొన్న మరునాడే బాధ పోదు. రెండు మూడు వారములకు కొంత తేరుకొందురు; మనసు, జ్ఞాపకము, జుట్టు కుదుటపడుటకు మాసములు పట్టవచ్చును. అందువలననే వైద్యులు మరల 6 నుండి 8 వారములకు పరీక్ష చేసి మోతాదు సవరింతురు. పలువురు తప్పు చేయునది ఇక్కడనే. గుణము కనబడలేదని ఒకరు, గుణము కనబడినదని మరొకరు, మాత్ర మానివేయుదురు. మానినచో వ్యాధి నెమ్మదిగా మరల తలయెత్తును. చాలమందికి మాత్ర జీవితాంతము అవసరము. బరువు త్వరగా తగ్గవలెనని మోతాదు స్వయముగా పెంచుకొనుటయు ప్రమాదమే. గుండెదడ, ఆందోళన, ఎముకల బలహీనత కలుగును. వృద్ధులకు, గుండెజబ్బు గలవారికి వైద్యులు తక్కువ మోతాదుతో ప్రారంభింతురు.

క్యాబేజీ, కాలీఫ్లవరు ముట్టరాదను ప్రచారము కలదు. వండి మితముగా తిన్నచో హాని లేదు.

ఉప్పు కథ

అయోడిన్ విషయములో తెలుగువారు గర్వింపదగిన చరిత్ర ఒకటి కలదు. 1921లో శ్రీకాకుళములో జన్మించి, విశాఖపట్టణములోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి, హిమాలయ పాదమందలి కాంగ్రా లోయలో 1956 నుండి సాగిన పరిశోధనకు నాయకత్వము వహించిరి. మెడవాపు, అనగా గళగండము, ప్రబలియున్న ఆ లోయలో అయోడిన్ కలిపిన ఉప్పును ఇచ్చి, దానివలన వ్యాధి తగ్గునని నిరూపించిరి. 1962లో దేశమంతటికిని గళగండ నియంత్రణ కార్యక్రమము ఆరంభమైనది. 1992లో అది అయోడిన్ లోప వ్యాధుల నియంత్రణ కార్యక్రమముగా విస్తరించినది. అయోడిన్ కలపని ఉప్పును తినుటకై అమ్మరాదను నిబంధన 2006లో వచ్చినది.

పెద్దవారికి దినమునకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ చాలును. ఇంటికి చేరిన ఉప్పు కిలోలో కనీసము 15 మిల్లీగ్రాములు ఉండవలెను. పచ్చళ్లకు కల్లుప్పు వాడు ఇండ్లలోను నిత్యము కూరకు, చారుకు అయోడిన్ ఉప్పునే వాడుట క్షేమము. దానిని తడి తగులకుండ మూతపెట్టి ఉంచవలెను. అయితే ఇప్పటికే థైరాయిడు మందగించినవారికి ఉప్పు ఔషధము కాదు. ఉప్పు మోతాదు పెంచినచో ఆ వ్యాధి నయము కాదు. రక్తపుపోటు మాత్రము పెరుగును.

పంచాయతీ చేయవలసిన పని

గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘములో పంచాయతీ సభ్యులకు స్థానము కలదు. ఆ సమావేశములలో ఈ క్రింది పనులు చేపట్టవచ్చును.

ఒకటి: గ్రామ సభలో వైద్యునిచే గాని, ఆరోగ్య కార్యకర్తచే గాని ఈ వ్యాధిని గూర్చి చెప్పించుట. అయోడిన్ లోప నివారణకై కేటాయించిన అక్టోబరు 21వ తేదీ ఇందులకు తగిన దినము.

రెండు: నెలల తరబడి అలసట, దిగులు, నెలసరి బాధ గలవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకును, అవసరమైనచో నందిగామ, జగ్గయ్యపేట, విజయవాడ ప్రభుత్వాసుపత్రులకును పంపుట. కంకర క్వారీలలోను లారీలపైనను పనిచేయు పురుషులను మరువరాదు. మందకొడితనము, నిద్రమత్తు వారి ప్రాణములకే ముప్పు తేగలవు.

మూడు: నవజాత శిశువులలో సుమారు 1,000 మందికి ఒకరు ఈ లోపముతో పుట్టుదురు. మడమ నుండి తీసిన రక్తపు చుక్కతో దీనిని కనిపెట్టవచ్చును. మొదటి రెండు వారములలో చికిత్స మొదలైనచో బిడ్డ తెలివితేటలు కాపాడబడును. జాప్యము జరిగినచో ఆ నష్టము తీరదు. ఈ పరీక్షను గూర్చి కాన్పు జరిగిన చోటనే అడుగవలెనని తల్లిదండ్రులకు తెలుపవలెను.

నాలుగు: అన్నిటికంటె ముఖ్యమైనది, మాట. సోమరి, పిచ్చిది, గొడ్రాలు అను మాటలు వ్యాధికంటె ఎక్కువ గాయపరచును. ఆడపిల్లకు థైరాయిడు ఉన్నదని సంబంధము తప్పించుకొనుటయు, ఆ భయముచే తల్లిదండ్రులు మాత్రను దాచిపెట్టుటయు అన్యాయము. మాత్ర సరిగా వాడుచున్న స్త్రీ చదువవచ్చును, పనిచేయవచ్చును, తల్లి కావచ్చును. ఈ మాటను ఊరి పెద్దలు నలుగురిలో చెప్పినచో దానికి విలువ యుండును.

ఐదు: బ్రతుకుపై విరక్తితో మాటలాడువారిని ఒంటరిగా విడువరాదు. ఇంటిలోని పురుగుమందు డబ్బాలను తాళము వేసి ఉంచవలెను. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ ఉచిత సేవకు 14416 సంఖ్యకు ఏ వేళనైనను ఫోను చేయవచ్చును. తెలుగులోను సలహా లభించును. ఈ సంఖ్యను పంచాయతీ కార్యాలయపు గోడపైన, పాఠశాలలోను వ్రాయించుట ఖర్చులేని పని.

గ్రామమునకు రహదారి, మంచినీరు, దీపము ఎంత అవసరమో, గ్రామస్థుల ఒంటి ఓపిక, మనసు నెమ్మది కూడ అంతే అవసరము. చేలో పత్తి ఎండుచున్నచో రైతు మొక్కను తిట్టడు, వేరు చూచును. ఇంటిలో మనిషి వాడిపోవుచున్నపుడు కూడ మనము చేయవలసినది అదే. వచ్చే సమావేశపు చర్చాంశములలో ఈ విషయమును చేర్చవలెనని పంచాయతీ సభ్యులకు విజ్ఞప్తి.