మీకు తెలుసా? బల్ల మీద కోటలు, కొండలు, కంటైనర్లు

కథ చెప్పుకుంటూ పాచికలు వేస్తూ ఆడే ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటను 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చారు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర. ఆ పాత్రలకు బొటనవేలంత బొమ్మలు, బొమ్మల చుట్టూ కోటలు, అడవులు, సొరంగాలు. ఈ పరిసరాలనే టెర్రైన్ అంటారు. ముక్కలుగా ఉండి, ఎలా కావాలంటే అలా అమర్చుకోగలిగితే అది మాడ్యులర్ టెర్రైన్. విశాఖలో ఉండి ఇవి కొనాలనుకునేవాళ్లకు, చేసుకోవాలనుకునేవాళ్లకు కొన్ని ముచ్చట్లు.

రాజుగారి సొరుగుల బల్ల

ముక్కల టెర్రైన్ నిన్నమొన్నటిది కాదు. 1812లో రైస్విట్జ్ అనే ఆయన ప్రష్యా రాజు మూడో ఫ్రెడరిక్ విలియంకు యుద్ధక్రీడ బల్ల ఒకటి సమర్పించాడు. నది, రోడ్డు, గుట్ట, ఊరు దిద్దిన పలకలను ఎటు కావాలంటే అటు పేర్చి, ఆటకో కొత్త రణరంగం తయారుచేయవచ్చు. వాటిని దాచడానికి బల్లకే సొరుగులు. రాజుకే ఆ జాగ్రత్త ఉంటే అపార్ట్‌మెంటులో ఉండే మనకు ఉండొద్దా? కొనేముందు అల్మరాలో ఖాళీ అర ఎంతుందో కొలుచుకోండి.

కురుసుర పొడవు అయిదడుగులే!

ఈ ఆటలో అంగుళం అంటే 5 అడుగులు. మనిషి బొమ్మ ఎత్తు సుమారు 28 మిల్లీమీటర్లు. 2002 నుంచి ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉన్న ఐఎన్‌ఎస్ కురుసుర జలాంతర్గామి పొడవు 91.3 మీటర్లు, దాదాపు 300 అడుగులు. ఈ లెక్కన బల్ల మీద 60 అంగుళాలు. లోపల ఇరుకు దారి, రెండు పక్కలా పైపులు, గదికీ గదికీ మధ్య వంగి దూరాల్సిన గుండ్రటి ద్వారం. సాహస కథకు ఇంతకంటే ఏం కావాలి! అలాగని మొత్తం కట్టక్కర్లేదు. రెండు గదులు, ఒక నడవ చాలు. బొమ్మలు ముందు గదిలోకి వెళ్లగానే వెనక గదిని తీసి అవతల తగిలించండి. ఒకే ముక్క పదిచోట్ల పనికొస్తే ఖరీదెక్కువైనా గిట్టుబాటే.

పోర్టు నేర్పే పాఠం

20 అడుగుల కంటైనర్ మన బల్ల మీద 4 అంగుళాలు. దాని ఎనిమిది మూలల్లో రంధ్రాలున్న ఉక్కు దిమ్మలుంటాయి. వాటిలో ట్విస్ట్‌లాక్ పెట్టి తిప్పితే ఒకదాని మీద ఒకటి బిగుసుకుంటాయి. ఏ దేశంలో తయారైన పెట్టయినా ఏ ఓడలోనైనా ఒదగడానికి కారణం ఆ మూలల కొలత అంతటా ఒకటే కావడం. టెర్రైన్ కంపెనీల్లో ఆ ఐకమత్యం లేదు. ఒకరి క్లిప్పు మరొకరి పలకకు పట్టదు. మొదట ఏ రకంతో మొదలుపెడితే దాన్నే పట్టుకోండి.

అన్నట్టు, కంటైనర్ చేయడం చాలా తేలిక. పార్సిల్ అట్టపెట్టె ముక్క మీద తడి స్పాంజి అద్ది పైకాగితం ఒలిచేయండి. లోపలి మడతలు బయటపడతాయి. ఆరాక ఎరుపో నీలమో పూస్తే అచ్చం కంటైనర్ గోడే.

మనకు పైరు, బొమ్మకు అడవి

బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో మెట్ల కింద ఊరు కట్టడం మామూలే. ఇసుకతో దారి, అద్దం ముక్కతో చెరువు, పళ్లెంలో మట్టి పోసి ఆవాలు చల్లితే కొద్దిరోజుల్లో పొలం. ఈ ఏడు ఉన్నట్టు వచ్చే ఏడు ఉండదు. ఇది మాడ్యులర్ టెర్రైన్ కాకపోతే మరేమిటి? ఆటలో మాత్రం ఒక తేడా ఉంది. ఆవ మొలకలు 28 మిల్లీమీటర్ల వీరుణ్ని సులువుగా దాటిపోతాయి. కాబట్టి పొలంగా కాదు, అడవిగా వాడుకోండి.

గుండ్రటివి ఏటికొప్పాకలో, పలకలు కొండపల్లిలో

వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. లేత్ మీద తిరిగే అంకుడు కర్రకు రంగు లక్కను ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో నునుపు తేలుస్తారు. కర్ర తిరుగుతూ రూపం దిద్దుకుంటుంది కాబట్టి గుండ్రటివన్నీ అక్కడ బాగా కుదురుతాయి. స్తంభాలు, బురుజులు, శిఖరాలు అక్కడ అడగండి.

ఇళ్లు, బండ్లు, చెట్లకు కొండపల్లి ఉంది. తేలికైన తెల్ల పొణికి కర్రను ముక్కలుగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. అయితే ఇవి కొలువు కోసం చేసినవి, మన కొలతకు చేసినవి కావు. షాపుకు వెళ్లేటప్పుడు ఆట బొమ్మను జేబులో వేసుకెళ్లి గుమ్మంలో నిలబెట్టి చూడండి. తల పైన కాస్త చోటు మిగిలితే కొనొచ్చు.

ఉక్కు నగరంలో రేకు

బల్ల మీద ఇనుప రేకు, పలకల కింద అయస్కాంతాలు ఉంటే మోచెయ్యి తగిలినా కోట కదలదు. తమాషా ఏమిటంటే ఆ రేకు వైజాగ్ స్టీల్‌ది అయ్యే అవకాశం లేదు. అక్కడ తయారయ్యేవి ప్రధానంగా కడ్డీలు, వైర్ రాడ్లు, యాంగిళ్లు, చానెళ్ల వంటి పొడవు సరుకులే. స్టెయిన్‌లెస్ రేకైతే కొనేముందు అయస్కాంతం ఆనించి చూడండి, కొన్ని రకాలకు అంటుకోదు.

ఇంకో సంగతి. బలమైన నియోడిమియం అయస్కాంతంలో ప్రతి 17 పరమాణువుల్లో 14 ఇనుమువే. పైనున్న నికెల్ పూత పెచ్చు లేచిందా, సముద్రపు గాలికి తుప్పు ఖాయం. పలకలో గుంట చేసి, అయస్కాంతం పెట్టి, పైన జిగురుతో మూసేస్తే ఆ బెడద ఉండదు.

ఎండ, స్ప్రే: రెండూ శత్రువులే

త్రీడీ ప్రింటర్లలో ఎక్కువగా వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే కోట గోడలు వంగిపోవచ్చు. థర్మోకోల్ కొండకు స్ప్రే పెయింట్ నేరుగా కొడితే అందులోని ద్రావకం దాన్ని తినేసి గుంటలు చేస్తుంది. ముందు ఫెవికాల్ కలిపిన వాటర్ పెయింట్‌తో రెండు పూతలు వేయండి.

మరి మొదట ఏది కొనాలి?

నేల పలకలు. ఆ తర్వాత తలుపులు, స్తంభాలు. గోడలు చివర్లో, అవీ సగం ఎత్తువే. నిండు గోడలు ఫొటోకు బాగుంటాయి గానీ అవతల కూర్చున్నవాళ్లకు బొమ్మలు కనిపించవు. అన్నిటికీ మ్యాట్ వార్నిష్ ఒక పూత తప్పనిసరి. ఆట మధ్యలో ఆ కోటలను కదిపేవి మిరపకాయ బజ్జీ తిన్న చేతులే!