బ్రాయిలర్ కోడి ఇంజక్షన్లతో పెరుగుతుందా?

ఆదివారం పొద్దున కంచికచర్లలో చికెన్ కొట్టు ముందు కాసేపు నిలబడండి. "నలభై రోజుల్లో రెండు కిలోలంటే ఇంజక్షన్లు పొడవకుండా ఎలా? ఆడపిల్లలకు పెట్టకండి, తొందరగా పెద్దమనుషులైపోతారు" అనే మాట మీ చెవిన పడుతుంది. అది నమ్మి, ఎదిగే పిల్ల కంచంలోంచి కోడికూర తీసేసే తల్లులు లేకపోలేదు.

ఇది వట్టి అపోహ. వేల కోళ్ళున్న షెడ్డులో ఒక్కొక్కదాన్నీ పట్టుకుని హార్మోను పొడవడం అయ్యే పనీ కాదు, గిట్టే పనీ కాదు. బ్రాయిలర్ త్వరగా పెరిగేది తరతరాలుగా ఏరి వృద్ధి చేసిన జాతి వల్ల, లెక్క ప్రకారం కలిపిన దాణా వల్ల.

దాణాలో ముఖ్యమైనవి మొక్కజొన్న, సోయాచెక్క. కండ పట్టాలంటే మాంసకృత్తులు కావాలి. మాంసకృత్తులంటే అమైనో ఆమ్లాలనే పూసలు గుచ్చిన దండలు. ఒక రకం పూస అయిపోతే మిగతావి ఎన్ని ఉన్నా దండ అక్కడే ఆగుతుంది. ఈ దాణాలో ముందు కొరత పడేది మిథియోనిన్, తరువాత లైసిన్. కోడికి ఈకలు కూడా మొలవాలి కదా, వాటికి గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు ఎక్కువ కావాలి. అందుకే ఈ రెండింటినీ పొడి రూపంలో టన్నుకు కొద్ది కిలోల చొప్పున కలుపుతారు. లైసిన్‌ను సూక్ష్మజీవులతో పులియబెట్టి తీస్తారు, మిథియోనిన్‌ను ఎక్కువగా రసాయన పద్ధతిలో చేస్తారు. రసాయనం అనగానే ఉలిక్కిపడకండి. కోడి వాడుకున్నది కండవుతుంది, మిగిలింది విరిగి రెట్టలో పోతుంది. ఇవి హార్మోన్లు కావు.

మీ వంటింట్లో జరిగేదీ ఇదే. బియ్యంలో లైసిన్ తక్కువ, కందిపప్పులో మిథియోనిన్ తక్కువ. పప్పన్నంలో ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. మూడు పాళ్ళ ధాన్యానికి ఒక పాలు పప్పు ఉండాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించింది. మనమేమో గుట్టెడు అన్నం మీద గరిటెడు పప్పు వేస్తాం. కోడి మేతకున్న లెక్క పిల్లల కంచానికి లేదు!

భయపడవలసింది యాంటీబయాటిక్స్ గురించి. జబ్బు లేకుండా బరువు కోసం వాటిని దాణాలో కలిపితే మందులకు లొంగని సూక్ష్మజీవులు పుడతాయి. అందుకే కొలిస్టిన్‌ను కోళ్ళకు వాడరాదని 2019లో కేంద్రం నిషేధించింది. మీ చేతిలో ఉన్నది శుభ్రత. కోడిని కుళాయి కింద నీళ్ళు చిందేలా కడగవద్దు. ఆ కత్తితోనే కొత్తిమీర తరగవద్దు. ఎముక దగ్గర ఎరుపు పోయేదాకా ఉడికించండి.

ఇక పెద్దమనిషి అయ్యే సంగతి. ఎనిమిదేళ్ళు నిండకముందే పాపలో ఆ మార్పులు కనిపిస్తే కోడిని తిట్టుకుంటూ కూర్చోక, పిల్లల డాక్టరుకు చూపించండి.